గాల్లో నిలిచిపోయిన చెయ్యి

కొళాయి సన్నగా వదిలిపెట్టి రావడం మరిచిపోయింది, ఇంత మంచు కురుస్తుంటే గొట్టంలో నీళ్ళు గడ్డకట్టుకుపోతాయి, సాయంత్రం ఇంటికెళ్ళి గుక్కెడు టీ కాచుకుందామన్నా చుక్క రాదు, ఈ మనిషి బాగున్నన్నాళ్ళూ పడుకోబోయే ముందు తనే వెళ్ళి కొళాయి సర్దొచ్చేవాడు, సర్దానని ఒక్క ముక్క చెప్పేవాడా అంటే అదీ లేదు, చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోవూ, అనుకుంటూ మిసావో తలెత్తేసరికి మంచం మీద షూజో కుడిచెయ్యి ఇవాళా గాల్లోనే ఉంది, మోచెయ్యి బారుగా చాపి, చూపుడువేలు కిటికీ కేసి పెట్టి, సరేలే ఉండనీ, సిగ్నల్ చూసుకుంటున్నాడు కాబోలు, బతుకంతా సముద్రం వారగా రైలు నడిపిన మొగుడాయె, దారిలో ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపించి సిగ్నల్ సరే అని పైకి అనాలని వాళ్ళ డ్యూటీలో రూలు, ఆ రూలు ఇంటిదాకా మోసుకొచ్చాడు, గ్యాస్ సరే, తాళం సరే, కిటికీ సరే, కొత్తగా కాపరానికొచ్చినప్పుడు మిసావో మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు, ఇప్పుడు ఈ వార్డులో నర్సు పిల్లలూ అలాగే నవ్వుతున్నారు, డ్రైవరుగారూ బండి ఏ స్టేషనుకొచ్చిందండీ అంటూ ఆ చేతికింద నుంచే వంగి దుప్పటి సర్దుకుని పోతారు, పెద్ద నర్సు ఇనగాకి గారైతే, అమ్మా, మీ ఆయనలాంటి పేషెంట్లు వార్డుకి పదిమంది ఉంటే మా నడుములు బతికిపోతాయి, గంట నొక్కరు, నొప్పనరు, ఇది కావాలి అది కావాలనరు, ఎంత ఓర్పో అంది, ఆ మాటకి మిసావో నడుం వంచి కృతజ్ఞతలు చెప్పుకుంది, లోపల కాస్త గర్వపడింది కూడా, తుంటి ఎముక విరిగి రాడ్డు వేయించుకుని కుయ్యిమనకుండా పడుకున్న మొగుడంటే గర్వంగా ఉండదా మరి.

ఓర్పా పాడా, ఆయన తీరే అంత, స్నానం, అన్నం, పక్క, రోజుకి ఈ మూడు మాటలు, మూడూ అయితే ఇక దీపం ఆర్పెయ్యడమే, ఆ రోజుల్లో వాళ్ళ వీధిలో ఏ ఇంటి మగాడైనా అంతే, ఆడవాళ్ళందరూ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు, మీవాడు మూడు మాటలైనా అంటాడమ్మా, మావాడికి మూలుగే భాష అని, రిటైరయ్యాక ఆ మూడూ రెండయ్యాయి, పోయిన వసంతం నుంచి ఒకటో అరో, దానికెవరు లెక్క పెట్టుకుంటారు, మొన్న వదినగారు హిసానో కమలాపళ్ళ సంచి మోసుకుని వచ్చి, మంచం పక్కన కూలబడి, ఏమిట్రా షూజో నీ వేషాలు, అక్క వస్తే ఒక్క చూపైనా చూడవా అని కసిరింది, బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేదు ఆయనలో, ఆవిడ మిసావో వైపు తిరిగి, నువ్వేమిటమ్మా ఊరికే కంగారు పడతావ్, వీడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదు, మంత్రసాని తలకిందులుగా పట్టుకుని నాలుగు తగిలిస్తే అప్పుడు కుయ్యిమన్నాడు అంది, మాట్లాడటం లేదని తలకి స్కాన్ తీశారండీ వదినగారూ, లోపల ఏమీ లేదన్నారు అని మిసావో అంటే, ఆ ముక్క నన్నడిగితే మెషీన్లు అక్కర్లేకుండా నేనే చెప్పేదాన్నిగా, వీడి తలలో ఏమీ లేదని నాకు చిన్నప్పుడే తెలుసు అని పళ్ళు ఒలుచుకుంటూ పగలబడి నవ్వింది, మిసావో కూడా నవ్వింది, ఇద్దరూ ఆ చేతికిందే కూర్చుని నవ్వారు, అంతకుముందైతే ఇంకా గుడ్డిలో మెల్ల, ఆపరేషనైన మొదట్లో నర్సు పిల్ల వచ్చి శుభోదయం అంటే శుభోదయం అనేవాడు, రాత్రి నిద్ర పట్టిందా అంటే, రాత్రి నిద్ర పట్టిందా అనేవాడు, చూశారా అమ్మా, నాది నైట్ డ్యూటీ అని గుర్తు పెట్టుకుని మరీ అడుగుతున్నారు అని ఆ పిల్ల కరిగిపోయింది, అబ్బో, పరాయి ఆడపిల్లనైతే అడుగుతాడే, నన్నెప్పుడైనా అడిగిన పాపాన పోయాడా అని మిసావోకి ఒళ్ళు మండింది, రైల్వేలో పైవాడు చెప్పింది కిందివాడు అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి కదా, ఆ అలవాటేనని సరిపెట్టుకుంది, తర్వాత ఆ అప్పజెప్పడమూ ఆగిపోయింది, ఏ రోజు ఆగిందో ఎవరికీ తెలీదు.

కానీ జావ మింగడం లేదే, అదొక్కటే ఆవిడ గుండెలో కలుక్కుమంటూ ఉంది, అన్నంజావ చెంచాతో పెడితే బుగ్గలో అలాగే ఉండిపోతుంది, గంట తర్వాత చూసినా అక్కడే, ఏం ఇది కూడా ఓర్పేనా, మొన్నొక మధ్యాహ్నం ఇక పట్టలేక, మింగండి, నాకేం పనీపాటా లేదనుకున్నారా, మంచు చీల్చుకుంటూ రైలెక్కి రోజూ వస్తున్నా, ఒక్క గుటక మింగితే మీ సొమ్మేం పోయింది, కావాలనే చేస్తున్నారు, నాకు తెలుసు, కావాలనే అని పళ్ళు కొరుకుతూ అరిచింది, పక్క మంచం ఆయన తల తిప్పి చూశాడు, సిగ్గుతో చచ్చిపోయింది, ఆ సిగ్గులో ఇంకో చెంచా నోట్లో కుక్కింది, ఆ రాత్రే జ్వరం, జావ ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు, ముక్కులోంచి గొట్టం వేశారు, కదలక పడుకుని పిక్కలో రక్తం గడ్డకట్టిందని కాలు చుట్టి ఉంచారు, రాత్రుళ్ళు కళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంటాడని, ముసలితనంలో ఆపరేషనైతే మనసు తిరగబడటం మామూలేనని దానికేదో మందిస్తే, ఆ మందుతో ఒళ్ళు ఇంకా బిగుసుకుపోయింది, చొక్కా మారుద్దామంటే చెయ్యి ఒక పట్టాన వంగదు, ఎముకల డాక్టరు తోబె గారు పాపం మర్యాదస్తుడు, ఈ జ్వరానికి ముందే ఒకసారి గోడకేసి చూస్తూ, ఎందుకైనా మంచిది, మనసు డాక్టరుకి ఒకసారి చూపిద్దామా, మా దగ్గర లేరు గానీ వారానికోసారి బయటినుంచి వస్తారు అన్నాడు, మిసావో చప్పున, అబ్బే మీరేం శ్రమ పడకండి డాక్టరుగారూ, ఆయన ఎప్పుడూ ఇంతేనండీ అంది, పక్కనుంచి హిసానో, మా ఇంటా వంటా లేని రోగాలు మాకెందుకు అంటగడతారు అని మూతి ముడిచింది, తోబె గారు వెంటనే, అవునవును, ఊరికే మాటవరసకి అన్నాను, ఏమీ అనుకోకండి అని తల వంచి వెళ్ళిపోయాడు, ఎవరి మనసూ నొప్పించకుండా అంత మర్యాదగా జరిగిపోయింది ఆ సంగతి, తర్వాత మరో వారం అలాగే గడిచింది.

ఈసారి తోబె గారు అడగలేదు, జ్వరం దిగకపోయేసరికి నేరుగా పిలిపించేశాడు, వచ్చింది ఒక ఆడపిల్ల, మిసావోకి కూతురుంటే ఆ వయసుంటుంది, డాక్టరు హయామినండీ అంది, మంచులో తడిసిన బూట్లు తలుపు బయట తుడుచుకుంటూనే లోపలికి చూస్తోంది, చేతిని చూస్తోంది, అందరిలా ఈ పిల్లా నవ్వుతుంది కాబోలు అని మిసావో ముందుగానే, రైలు డ్రైవరండీ, అలవాటు అంది, డాక్టరు నవ్వలేదు, ఎంతసేపటి నుంచి అలా ఉందండీ ఆ చెయ్యి అంది డాక్టరు, ఎంతసేపా, నేనొచ్చినప్పటి నుంచీ అని మిసావో అంటుంటే డాక్టరు వెళ్ళి ఆ చేతిని రెండువేళ్ళతో మెల్లగా కిందికి నొక్కింది, మైనం వంగినట్టు వంగింది, వంచిన చోటే ఆగింది, ఈసారి ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తి, భుజం దగ్గర విచిత్రంగా మెలితిప్పి వదిలేసింది, అలా ఎవడూ అర నిమిషం ఉంచలేడు, భుజం పీకిపోతుంది, కానీ అది కూడా అక్కడే నిలబడిపోయింది, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని కళ్ళార్పకుండా పడుకున్న మొగుణ్ణి చూస్తే, అలవాటు అనే మాట మిసావో నోట్లోనే చచ్చిపోయింది, తలుపు దగ్గర ఇనగాకి గారు ట్రే పట్టుకుని నిలబడిపోయింది, డాక్టరు ఆయన చేతుల్ని ఒక్కొక్కటే దించి దుప్పటి మీద పెట్టి, కుర్చీ మిసావో దగ్గరికి లాక్కుని, దీన్ని కాటటోనియా అంటారమ్మా, మనిషి లోపల మెలకువగానే ఉంటాడు, అన్నీ వినపడుతూ ఉండొచ్చు, కానీ ఒళ్ళు కొయ్యబారిపోతుంది, మాట పెగలదు, మింగాలనుకున్నా మింగలేడు, ఇది మొండితనం కాదు, ఓర్పూ కాదు, ముసలితనమూ కాదు, ఇదొక జబ్బు, దీనికి మందుంది అంది, మందుంది అనే మాట పట్టుకుని మిసావో అలాగే ఉండిపోయింది, డాక్టరు ఇంకా ఏదో అడుగుతోంది, ఎప్పటి నుంచి, అమ్మా, ఎప్పటి నుంచి ఇలా ఉన్నారు, అది నాకు కావాలి, ఈమధ్యే మొదలైతే మనిషి చప్పున తేరుకుంటాడు, చాలాకాలం అయ్యుంటే కష్టం, బాగా గుర్తుచేసుకుని చెప్పండి.

ఎప్పటి నుంచి అంటే ఏం చెబుతుంది, ఆపరేషన్ నుంచి అని చెప్పింది, చెప్పగానే కాదేమో అనిపించింది, అంతకుముందు ఇంట్లో, చలికి కాళ్ళు కాచుకునే వేడిబల్ల కింద కాళ్ళు పెట్టుకుని టీవీ కేసి చూస్తూ కూర్చునేవాడు, టీవీ కట్టేసి ఉండేది, అయ్యో కట్టేసి ఉందండీ అని తను పెడితే అదే చూపు, అప్పుడా, పెసర మొలకల పులుసు గిన్నె పెదాల దాకా ఎత్తి అలాగే పట్టుకుని ఉంటే, చల్లారిపోతుంది తాగండి అని తను వంటింట్లోకి పోయింది, వచ్చేసరికి గిన్నె అక్కడే, మళ్ళీ తాగండి అంది, అప్పుడా, లేక పుట్టిందే అలాగా, హిసానో అన్నట్టు తలకిందులుగా పట్టుకుని నాలుగు తగిలించాలా, ఏ భార్యనైనా అడగండి, మొగుడి జలుబు ఎప్పుడు మొదలైందో చెబుతుంది, ఏ కూరలో ఉప్పెక్కువైందని ముఖం ముడిచాడో చెబుతుంది, తను మాత్రం మనిషి మాయమైపోయిన రోజు ఏదో చెప్పలేకపోతోంది, నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఒకే తొట్టిలో ఆయన తర్వాత ఆ వేణ్ణీళ్ళలోనే స్నానం చేసి, ఈ నీళ్ళలో ఇవాళ ఏడుపు కలిసిందా అని ఒక్కనాడైనా అనుకుందా, గుర్తు రావడం లేదండీ, ఏమనుకోకండి, తేడా తెలిసేది కాదు ఆయనతో అంది, అని, ఎంత మాటన్నానో అని తన నోరు తనే మూసుకుంది, డాక్టరు, సరే ఆయన్నే అడుగుదాం అంది, ఇనగాకి గారి కేసి తిరిగి ఏదో మందు పేరు చెప్పింది.

సూది మందు సెలైను గొట్టంలోకే ఎక్కించింది డాక్టరు, మెల్లగా, ఒక కన్ను ఆయన ఛాతీ మీద ఒక కన్ను పక్కనున్న మెషీను అంకెల మీద పెట్టి, ఊపిరి బాగోలేదు కాబట్టి కొంచెమే ఇస్తున్నాను, కాసేపు చూద్దాం అంది, కాసేపంటే ఎంత, బయట మంచు తోసే బండి గరగరమంటూ పోయింది, పక్క మంచం ఆయన రేడియో కట్టేశాడు, పాపం ఆయనా వింటున్నాడు, మిసావో మొగుడి ముఖంలోకి చూస్తోంది, ఎన్నేళ్ళయింది ఇలా చూసి, కుడి కనుబొమ్మ మీద ఈ మచ్చ ఎప్పటిది, ఇదేదో కొత్తది, కాదు పాతదేనేమో, అంతలో ఆ కనుబొమ్మ కదిలింది, కళ్ళు రెపరెపలాడాయి, ఒకటి రెండు మూడుసార్లు, ఎండ పడ్డట్టు, గొంతులో గుటక పడింది, ఎన్నాళ్ళుగా బతిమాలిందో ఆ గుటక కోసం, ఆ ఒక్క గుటక చూసి మిసావోకి కన్నీళ్ళు వచ్చేశాయి, కాళ్ళు చల్లగా ఉన్నాయి అన్నాడు షూజో, పొడి గొంతుతో, చెక్క మీద గోరు గీసినట్టు, అయ్యో ఉండండి అని మిసావో రెండు కాళ్ళనీ ఒళ్ళోకి తీసుకుంది, డాక్టరు వంగి, ఇంటిపేరుతో పిలిచి, కురాతాగారూ, నేను డాక్టర్‌ని, మీకు ఇన్నాళ్ళూ మా మాటలు వినపడ్డాయా అంటే, ఆయన తల ఆడించి, అన్నీ వినపడ్డాయి, తలలో ఏమీ లేదన్నారు అన్నాడు, మిసావో తల దించుకుంది, భయం వేసింది అన్నాడు, మళ్ళీ అన్నాడు, చాలా భయం వేసింది, కదిలితే ఏదో కూలిపోతుందని, నేను కదిలితే అందరికీ ఇబ్బంది అని, కదలకపోతే మంచి పేషెంటు అంటున్నారుగా, ఇబ్బంది పెట్టని మనిషి అంటున్నారుగా, అందుకని నన్ను నేనే ఇంకా గట్టిగా పట్టుకున్నా అన్నాడు, ఇనగాకి గారు ట్రే బల్ల మీద పెట్టేసి గోడవైపు తిరిగింది, ఆవిడ భుజాలు కదులుతున్నాయి, మిసావోకి ఆవిడని ఓదార్చాలని లేదు, ఎవరినీ ఓదార్చాలని లేదు, ఇన్ని మాటలు, ఇన్ని మాటలు ఒక్కసారిగా ఈయన నోటివెంట, మాట్లాడండి, ఇంకా మాట్లాడండి, నన్ను తిట్టండి, ఏదో ఒకటి అనండి.

ఎప్పుడు మొదలైందో గుర్తుందా అని డాక్టరు అడిగింది, ఆయన డాక్టర్ని వదిలేసి మిసావో కేసి చూశాడు, చెత్త రోజు అన్నాడు, చెత్త రోజేమిటండీ అంది మిసావో, గుమ్మంలో అన్నాడు, బూటు వేసుకుంటున్నా, ఒకటి వేసుకున్నా, రెండో కాలు ఆడలేదు, చెయ్యి గోడకి ఆనించా, అది కూడా రాలేదు, నిన్ను పిలిచా అన్నాడు, అప్పుడు మిసావోకి ఆ పొద్దున్న మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చి నిలబడింది, పడిపోయిన రోజు, తుంటి విరిగిన రోజు, చెత్త బండి వచ్చేసే వేళయింది, తను రెండు చేతుల్లో రెండు సంచులతో వస్తే ఈయన గుమ్మంలో ఒక కాలికి బూటు వేసుకుని గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, తప్పుకోండి, బండి వెళ్ళిపోతుంది, దారికడ్డంగా గంగిరెద్దులా ఏమిటది అంది తను, ఆయన కదల్లేదు, తనే పక్కకి ఒరిగి, సంచి ఆయన మోకాలికి రాసుకుంటూ బయటికి దూరిపోయింది, వీధి చివర ఎవరో ముల్లంగి ఊరేసిన సంగతి చెబుతుంటే నిలబడి వింది, ఈ ఏడు ఉప్పు చాల్లేదనీ, రాయి బరువు పెట్టాలనీ, చాలాసేపు వింది, తిరిగొస్తే ఆయన అక్కడే అలాగే ఉన్నాడు, ఇంకా బయల్దేరలేదా అని నవ్వుతూ మళ్ళీ ఆయన పక్కనుంచే లోపలికెళ్ళి గిన్నెలు కడుక్కుంది, ధబ్బుమని చప్పుడైంది అప్పుడే, జారి పడ్డాడు అని డాక్టర్లకి తనే చెప్పింది, పడ్డాక మనిషి ఇలా అయిపోయాడని అందరూ అనుకున్నారు, కాదు, ముందు ఇలా అయ్యాడు, ఆ తర్వాత పడ్డాడు, పిలిచా అంటున్నాడు ఆయన, మిసావో అని పిలిచా, నువ్వు సంచులు పట్టుకుని వెళ్ళిపోయావు, వెనక్కొచ్చావు, మళ్ళీ పిలిచా, వినపడలేదండీ అంది మిసావో, నిజంగా వినపడలేదండీ, గట్టిగానే పిలిచానే అన్నాడు ఆయన, నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఆశ్చర్యమే ఉంది, చాలా గట్టిగా పిలిచా, అంబులెన్సులో పిలిచా, ఇక్కడా పిలుస్తూనే ఉన్నా, నువ్వు రోజూ వచ్చి కూర్చుంటావు, పిలుస్తూనే ఉన్నా, ఎందుకు పలకవు, అన్నాడు.

పలుకుతానండీ, ఇప్పుడు పలుకుతాను, చెప్పండి, ఏం కావాలి, నీళ్ళు కావాలా, దుప్పటి కప్పనా అని మిసావో ఆయన చేతుల్ని పట్టుకుని ఊపుతూనే ఉంది, ఆయన కళ్ళలో వెలుగు అప్పుడే పల్చబడుతోంది, రైలు సొరంగంలోకి దూరేటప్పుడు కిటికీలో ఎండ ఆరిపోయినట్టు, నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు, అనబోయిన నోరు అలాగే ఆగిపోయింది, కురాతాగారూ, కురాతాగారూ అని డాక్టరు రెండుసార్లు పిలిచి మరికొంచెం మందు ఎక్కించింది, ఈసారి కనురెప్పలు మాత్రం కదిలాయి, పక్కన మెషీను కూత పెట్టడం మొదలెట్టింది, ఊపిరి నెమ్మదించిందని ఇనగాకి గారు పరుగున వచ్చి ముక్కుకి గాలి గొట్టం బిగించింది, డాక్టరు సూది పక్కన పెట్టేసింది, ఇంకొంచెం ఇవ్వండి డాక్టరుగారూ, మాట్లాడాడు కదా, మీరూ విన్నారు కదా అని మిసావో రెండు చేతులూ జోడించింది, ఈ పిల్ల కాళ్ళ మీద పడమన్నా పడుతుంది, డాక్టరు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకా ఇస్తే ఊపిరి ఆగిపోతుందమ్మా, ఊపిరితిత్తులు రెండువైపులా పాడయ్యాయి అంది, మరి వేరే దారి, ఏదో ఒకటి ఉంటుంది కదా, ఉంది, మత్తిచ్చి తలకి కరెంటు పెట్టే వైద్యం, భయపడకండి, ఈ జబ్బుకి అది బాగా పనిచేస్తుంది, కానీ ఇక్కడ లేదు, పెద్దాసుపత్రికి పంపాలి, పొద్దున్నే ఆయన కాగితాలు చూసి అనుమానమొచ్చి అక్కడివాళ్ళతో ముందుగానే ఫోనులో మాట్లాడాను, ఇంత జ్వరంలో, ఈ ఊపిరితిత్తులతో, కాలిలో గడ్డతో, మత్తు ఇవ్వాలంటే కొంచెం కష్టమన్నారు, కొంచెం కష్టం అంటే కుదరదనేనని మిసావోకి తెలుసు, ఈ దేశంలో పుట్టిన ఎవరికైనా తెలుసు, కొంచెం కష్టం అన్నాక ఇక రెండో మాట అడగకూడదు, అయినా అడిగింది, తోబె గారు అడిగినప్పుడే మిమ్మల్ని పిలిచి ఉంటే, జావ దిగకముందు, జ్వరం రాకముందు, అప్పుడైతే, అంది, డాక్టరు అబద్ధం చెబుతుందేమోనని ఆశగా చూసింది, ఆ పిల్ల కళ్ళు దించుకుని, అప్పుడైతే ఆయన లేచి నడిచేవారేమోనమ్మా అంది, ఆయన ఎప్పుడూ ఇంతేనండీ అని చెప్పిన నోరు ఇదే, చెంచాడు జావ కుక్కిన చెయ్యి ఇదే, ఏడుద్దామంటే ఏడుపు రావడం లేదు, మందు కొంచెం కొంచెంగా ఇస్తూ చూద్దాం, జ్వరం దిగితే మళ్ళీ అడుగుతాను అంటోంది డాక్టరు, తను నమ్మని మాటని మనిషి ఎంత మెత్తగా చెబుతుందో అంత మెత్తగా చెబుతోంది.

అందరూ వెళ్ళిపోయారు, తెర లాగేసి వెళ్ళారు, హిసానోకి ఫోను చెయ్యాలి, ఏమని చెబుతుంది, మీ తమ్ముడు మాట్లాడాడండీ వదినగారూ, మీ మాటలు కూడా విన్నాడట అని చెబుతుందా, ఆవిడ గుండె పగిలిపోతుంది, వద్దు, రేపు చెబుదాం, రేపటిదాకా, అంటూ కాళ్ళని ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది, వేడెక్కడం లేదు, ఆయన నోరు సగం తెరుచుకుని ఉంది, కళ్ళు పైకప్పులో ఏదో ఒక చోట ఉన్నాయి, చెయ్యి దుప్పటి మీదికి దిగింది తప్ప ముందెలా ఉన్నాడో అలాగే, చూసేవాళ్ళకి ఏ తేడా లేదు, పొద్దున తను వచ్చేసరికి ఎలా ఉన్నాడో అంతే, పొద్దున తను ఈ ముఖాన్ని చూసే కొళాయి గురించి ఆలోచించింది, ఇంటి మనిషి పక్కన ఊరికే కూర్చున్నట్టు కూర్చుంది, హాయిగానే కూర్చుంది, అబద్ధమెందుకు, ఏమీ అడగని మనిషి పక్కన కూర్చోవడం హాయి, ఏళ్ళ తరబడి ఆ హాయికే అలవాటు పడింది, నలభై ఏళ్ళలో పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచాడు తనని, వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు, మిసావో అని మళ్ళీ ఇవాళ మధ్యాహ్నమే విన్నది, అదీ పిలవడం కాదు, ఇదివరకు పిలిచానని చెప్పడం, అసలు పిలుపు తను వినలేదు, గుమ్మంలో వినలేదు, అంబులెన్సులో చెయ్యి పట్టుకుని కూర్చుని వినలేదు, ఈ కుర్చీలో కమలాపళ్ళు తింటూ వినలేదు, మందు దిగిపోయింది, నోరు ఆగిపోయింది, అంతే, లోపల మనిషికేమైంది, ఏమీ కాలేదు, మెలకువగానే ఉంటాడని చెప్పింది కదా ఆ పిల్ల, గొంతు చించుకునే పిలుస్తాడు కదా, ఎందుకు పలకవు అని అడిగి జవాబు వినకుండా ఎలా ఊరుకుంటాడు, ఉన్నానండీ అంది మిసావో పైకి, ఆయన చెవి దగ్గరికి వంగి, ఇక్కడే ఉన్నాను, పలుకుతున్నాను అంది, ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు, కదలదు కూడా, తన మాట ఆయనకి వినపడుతుంది, ఆయన మాట తనకి ఇక ఎప్పటికీ వినపడదు, ఊపిరి ఉన్నంతసేపూ, ఈ నిమిషంలో కూడా, ఆయన తనని పిలుస్తూనే ఉన్నాడు.